సినిమా వద్దు, నగ వద్దు, ఆదివారం కూలి వద్దు.. అయినా ఆ సంఘాల్లో యువత ఎందుకు ఉండిపోతోంది?

ఫిబ్రవరి, మార్చి వచ్చాయంటే గుంటూరు, పల్నాడు, ప్రకాశం పల్లెల్లో మిరప కోతలు ఊపందుకుంటాయి. తెల్లారకముందే కూలీల ఆటోలు బయలుదేరతాయి. సీజన్‌లో ఆదివారం, సోమవారం అనే తేడా ఉండదు. కాయ పండిందంటే కోయాల్సిందే. ఇంటిల్లిపాదీ పనికి వెళితే ఏడాది అప్పులో కొంతైనా తీరే రోజులవి.

కానీ అదే పల్లెలో కొన్ని ఇళ్లవాళ్లు ఆదివారం ఆటో ఎక్కరు. ఆడవాళ్లు తెల్ల చీర కట్టుకుని తలమీద కొంగు కప్పుకుంటారు. మెడలో గొలుసు ఉండదు, చెవులకు కమ్మలు ఉండవు. చేతిలో బైబిల్, పాటల పుస్తకం. పిల్లల్ని వెంటబెట్టుకుని ఊరి చివర రేకుల షెడ్డుకు వెళ్తారు. ఉదయం మొదలైన ఆరాధన మధ్యాహ్నం దాకా సాగుతుంది. ఆ రోజు కూలి పోయినట్టే.

ఇలాంటి కట్టుబాట్ల మధ్య పుట్టి, పెరిగి, చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉన్నా అక్కడే ఉండిపోతున్న యువతీ యువకులు ఈ ప్రాంతంలో చాలామందే ఉన్నారు. వాళ్లను భయపెట్టి ఆపుతున్నారా? లేక వాళ్లే ఇష్టపడి ఉంటున్నారా? ఉండిపోతే వాళ్లు చెల్లించే మూల్యం ఏంటి? వివరంగా చూద్దాం.

ఇంతకీ ఎవరు వీళ్లు?

గుంటూరు, ప్రకాశం ప్రాంతంలో క్రైస్తవం అనగానే చాలామందికి పెద్ద చర్చిలే గుర్తొస్తాయి. గుంటూరులో లూథరన్ సంఘం ఉంది. 1842లో ఇక్కడికి వచ్చిన మిషనరీ హేయర్‌తో దాని చరిత్ర మొదలైంది. ఒంగోలు వైపు బాప్టిస్టు సంఘం ఉంది. రోమన్ కేథలిక్కులూ ఉన్నారు. వీటికి స్కూళ్లు, కాలేజీలు, ఆస్పత్రులు, ఆస్తులు, బిషప్పులు లేదా అధ్యక్షులు ఉంటారు.

ఇవి కాకుండా చిన్న సంఘాలు వేరే ఉన్నాయి. కొన్ని పెంతెకొస్తు సంఘాలు. కొన్ని బ్రదరన్ సంఘాలు. 1938లో ముంగమూరి దేవదాసు ప్రారంభించిన బైబిల్ మిషన్‌కు గుంటూరు దగ్గరి కాకాని కేంద్రం. ఏటా జనవరి చివర్లో నాగార్జున యూనివర్సిటీ దగ్గర జరిగే ఆ సంఘం మహాసభలు ఈ జిల్లాలవాళ్లకు బాగా తెలిసినవే.

జనం వాడుకలో 'హెబ్రోను వాళ్లు' అనే మరో వర్గం ఉంది. బ్రదర్ భక్త్ సింగ్ స్థాపించిన సహవాసాలు ఇవి. కట్టుబాట్ల విషయంలో గట్టిగా ఉండే సంఘాల గురించి మాట్లాడాలంటే ముందుగా వచ్చే పేరు ఇదే. ఈ కథనంలో ప్రధానంగా చెప్పుకునేది కూడా వీళ్ల గురించే.

నియమాలు ఏంటి?

బంగారం పెట్టుకోరు. ఆరాధనలో ఆడవాళ్లు తలమీద ముసుగు వేసుకుంటారు. స్త్రీలు ఒకవైపు, పురుషులు ఒకవైపు చాపలమీద కూర్చుంటారు. చాలా ఇళ్లలో సినిమాలు చూడరు. మందు, పొగ పూర్తిగా నిషేధం. జాతకాలు, ముహూర్తాలు చూడరు. పండగల్లో గుడి దగ్గరి కార్యక్రమాలకు దూరంగా ఉంటారు. ప్రసాదం ఇస్తే మర్యాదగా వద్దంటారు.

ప్రతి ఆదివారం ఆరాధన తర్వాత 'రొట్టె విరవడం' ఉంటుంది. ప్రభువు బల్ల అని కూడా అంటారు. బాప్తిస్మం తీసుకున్నవాళ్లకే అందులో పాలు. ఆ తర్వాత అందరూ కలిసి కూర్చుని భోజనం చేస్తారు. దాన్ని ప్రేమ విందు అంటారు. సేవకులకు నెల జీతం అంటూ ఉండదు. సంఘాన్ని పెద్దలు నడిపిస్తారు.

ఎవరైనా పెద్ద తప్పు చేస్తే? తాగి దొరికినా, అక్రమ సంబంధం బయటపడినా, సంఘం కాదన్న పెళ్లి చేసుకున్నా పెద్దలు పిలిచి మాట్లాడతారు. మారకపోతే ప్రభువు బల్లలో పాలు ఇవ్వరు. బయటివాళ్లకు ఇది చిన్న విషయంలా కనిపించొచ్చు. కానీ వారం వారం అందరూ రొట్టె అందుకుంటుంటే తను మాత్రం ఖాళీ చేతులతో కూర్చోవడం ఎంత కష్టమో అక్కడ పెరిగినవాళ్లకే తెలుస్తుంది.

ఆ ఇళ్లలో బాల్యం ఎలా ఉంటుంది?

తెల్లవారుజామున కుటుంబ ప్రార్థనతో రోజు మొదలవుతుంది. రాత్రి పడుకునే ముందు మళ్లీ ప్రార్థన. మాటలు వచ్చీ రాకముందే పిల్లలకు వాక్యాలు కంఠతా నేర్పిస్తారు. ఆదివారం సండే స్కూల్, వేసవి సెలవుల్లో వీబీఎస్. 'సీయోను గీతములు' పుస్తకంలో నంబరు చెబితే చాలు, చూడకుండా పాడేస్తారు.

స్కూల్లోనే అసలు ఇబ్బంది మొదలవుతుంది. 'బొట్టు ఎందుకు పెట్టుకోలేదు?' అని తోటి పిల్లలు అడుగుతారు. వినాయక చవితికి వీధిలో అందరూ మండపం దగ్గరుంటే తాము ఇంట్లో ఉండాలి. కొత్త సినిమా పాటకు క్లాసంతా స్టెప్పులేస్తుంటే పక్కన నిలబడాలి. అమ్మాయిల మీద ఈ బరువు ఇంకాస్త ఎక్కువ. బోసి చెవులు, జడ, దుస్తులు చూసి ఎవరైనా ఇట్టే గుర్తుపట్టేస్తారు. అబ్బాయికైతే ప్యాంటు, చొక్కా వేసుకుంటే జనంలో కలిసిపోయే వీలుంటుంది.

పరీక్షలు మరో చిక్కు. నీట్ లాంటి ప్రవేశ పరీక్షలు ఆదివారమే వస్తాయి. ఆరాధన మానాలా, పరీక్ష మానాలా? కొన్ని ఇళ్లలో పెద్దలతో మాట్లాడి, ప్రార్థన చేసి పంపిస్తారు. మరికొన్ని ఇళ్లలో పెద్ద చర్చే జరుగుతుంది. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో ఆదివారం హీట్స్ ఉన్నాయని 100 మీటర్ల పరుగు వదులుకుని, తర్వాత 400 మీటర్లలో స్వర్ణం గెలిచిన ఎరిక్ లిడ్డెల్ కథ సండే స్కూళ్లలో చెబుతుంటారు. వినడానికి బాగానే ఉంటుంది. హాల్ టికెట్ చేతికి వచ్చాక మాత్రం ఆ కథ అంత తేలిగ్గా ఉండదు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. అమెరికాలోని ఆమిష్ క్రైస్తవులు పిల్లల్ని ఎనిమిదో తరగతితో బడి మాన్పిస్తారు. 1972లో అక్కడి సుప్రీంకోర్టు కూడా అందుకు ఒప్పుకుంది. గుంటూరు, ప్రకాశం సంఘాలు అలా కాదు. సినిమా వద్దంటారు గానీ చదువు వద్దనరు. అప్పు చేసైనా ఇంటర్, నర్సింగ్, ఇంజినీరింగ్ చదివిస్తారు. ఇక్కడి పిల్లలు లోకానికి దూరంగా పెరగరు. అదే క్లాసులో, అదే బస్సులో, అదే వాట్సాప్ గ్రూపులో ఉంటూనే వేరుగా ఉండాలి.

అసలు ఈ కట్టుబాట్లు ఎక్కడ మొదలయ్యాయి?

చాలామంది ఇవన్నీ బయటినుంచి వచ్చి రుద్దిన నియమాలు అనుకుంటారు. చరిత్ర చూస్తే సంగతి వేరేగా ఉంటుంది.

1866లో ప్రకాశం ప్రాంతంలో యర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం తీసుకున్నారు. ఆయన మాదిగ కులస్తుడు, తోలు వ్యాపారం చేసేవారు. అదే ఏడాది అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒంగోలుకు కాపురం వచ్చారు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో ఒంగోలు సంఘం మొదలైంది.

కొత్తగా చేరినవాళ్లకు అప్పట్లో చెప్పిన నియమాలు ముఖ్యంగా మూడు. ఆదివారం పని చేయొద్దు. చచ్చిన పశువు మాంసం తినొద్దు. విగ్రహాలకు మొక్కొద్దు. అంతే.

ఇప్పుడు వింటే ఇవి మామూలు మత నియమాల్లా అనిపిస్తాయి. కానీ అప్పటి పల్లెలో మాదిగల పని ఏంటో గుర్తు చేసుకుంటే వీటి బరువు తెలుస్తుంది. రైతు ఎప్పుడు పిలిస్తే అప్పుడు పనికి రావాలి. చచ్చిన గొడ్డును ఎత్తాలి. జాతరలో డప్పు కొట్టాలి. ఈ మూడు నియమాలు సరిగ్గా ఆ మూడు పనుల మీదే పడ్డాయి. 'ఆదివారం రాం' అన్న ఒక్క మాటతో గొడవలు మొదలయ్యాయి. పని ఆగింది, ఊళ్లో సరుకులు దొరకలేదు, బావి దగ్గర అడ్డుకున్నారు. అయినా వాళ్లు వెనక్కి తగ్గలేదు.

తర్వాత 1876-78 కరువు వచ్చింది. బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత దూరం పనిని క్లౌ కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశారు. కరువు ముగిసే దశలో, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. తిండి కోసం చేరారని అప్పట్లోనే విమర్శలు వచ్చాయి. ఆ భయంతోనే కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపి, సాయం పనులు ముగిశాకే మొదలుపెట్టామని మిషనరీలు చెప్పుకున్నారు.

అంటే ఈ నేల మీద 'ఆదివారం పని చేయం' అనే కట్టుబాటు మొదట ఎవరినో బంధించడానికి రాలేదు. తన రోజు తనదే అని చెప్పుకోలేని మనిషి, వారంలో ఒక్కరోజైనా తనది అని చెప్పడానికి వచ్చింది. మిరప చేలో కోత ఆపి ఆరాధనకు వెళ్లే అవ్వకు ఈ చరిత్ర తెలియకపోవచ్చు. కానీ ఆదివారం విషయంలో ఆమె పట్టుదల వెనుక నాలుగైదు తరాల జ్ఞాపకం ఉంది.

భక్త్ సింగ్ కథ ఏంటి?

తొలి సంఘాలు పెరిగి పెద్ద సంస్థలయ్యాయి. ఆస్తులు, పదవులు, ఎన్నికలు వచ్చాయి. తర్వాతి తరాల్లో 'అంతా పేరుకే' అనే అసంతృప్తి కొందరిలో మొదలైంది. అలాంటి సమయంలో భక్త్ సింగ్ వచ్చారు.

ఆయన తెలుగువారు కాదు. 1903లో పంజాబ్‌లో సిక్కు కుటుంబంలో పుట్టారు. ఇంజినీరింగ్ చదువుకు ఇంగ్లండ్, అక్కడినుంచి కెనడా వెళ్లారు. 1929లో కెనడాలోని విన్నిపెగ్‌లో బైబిల్ చదివి క్రైస్తవుడయ్యారు. 1932లో వాంకోవర్‌లో బాప్తిస్మం తీసుకున్నారు. 1933లో బొంబాయిలో దిగినప్పుడు తల్లిదండ్రులు వచ్చి కలిశారు. ఇంటికి రమ్మన్నారు, కానీ ఒక షరతు పెట్టారు. 'నీ నమ్మకాన్ని బయటికి చెప్పకు, మన కుటుంబ పరువు పోతుంది' అన్నది ఆ షరతు. ఆయన ఒప్పుకోలేదు. ఇంటికి వెళ్లకుండా రోడ్డునపడ్డారు.

1941లో మద్రాసులో కొత్త సహవాసం మొదలుపెట్టారు. 1950లో హైదరాబాద్ గోల్కొండ క్రాస్ రోడ్స్‌లో హెబ్రోను ఏర్పడింది. అక్కడినుంచి తెలుగు జిల్లాలన్నిటికీ ఈ సహవాసాలు పాకాయి. విదేశీ నిధులు లేకుండా, జీతాలు లేకుండా, నేలమీద కూర్చుని, మన పద్ధతిలో ఆరాధన. ఆయన 2000 సెప్టెంబర్ 17న హైదరాబాద్‌లో చనిపోయారు.

ఇందులో గుర్తుపెట్టుకోవాల్సింది తల్లిదండ్రులు పెట్టిన ఆ షరతే. 'నమ్ముకో, కానీ దాచుకో.' ఈ సంఘాల్లో పెరిగే పిల్లలకు మొదటినుంచీ నేర్పేది దీనికి సరిగ్గా వ్యతిరేకం. నమ్మితే దాచకూడదు. ఇప్పుడు గుంటూరు, ప్రకాశం యువత ముందున్న అతిపెద్ద చిక్కు కూడా ఇదే.

బాప్తిస్మం.. అసలు నిర్ణయం ఇక్కడే

ఈ సంఘాల్లో పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. తనకు తానుగా నమ్మి, అందరిముందు సాక్ష్యం చెప్పి, కాలువలోనో తొట్టిలోనో పూర్తిగా మునిగి తీసుకోవాలి. సాధారణంగా పది, ఇంటర్, డిగ్రీ వయసులో ఈ ప్రశ్న వస్తుంది. అంటే పుట్టుకతో ఎవరూ సభ్యులు కారు. సంఘంలో పెరిగినా, చేరేది మాత్రం తన నిర్ణయంతోనే.

ఆమిష్ సంఘాల్లోనూ ఇదే పద్ధతి. అక్కడ యుక్తవయసులో కొంత స్వేచ్ఛ ఇచ్చి, తర్వాత బాప్తిస్మం తీసుకుంటావా లేదా అని అడుగుతారు. అయినా దాదాపు 85 శాతం మంది ఉండిపోతారని పరిశోధకులు చెబుతారు.

అయితే నిర్ణయం తనదే అన్నంత మాత్రాన ఒత్తిడి లేదని కాదు. అమ్మ ఏడ్చి ప్రార్థిస్తుంది. తోటివాళ్లంతా తీసుకుంటారు. 'నువ్వెప్పుడు?' అని పెద్దలు అడుగుతూనే ఉంటారు. సంఘంలో పెళ్లి కావాలంటే బాప్తిస్మం ఉండాలి. ఇది నమ్మకమా, మొహమాటమా అని తేల్చుకోలేకే నీళ్లలో దిగేవాళ్లూ ఉంటారు.

సర్టిఫికెట్ దగ్గర ఏం జరుగుతోంది?

ఈ ప్రాంతంలో క్రైస్తవుల్లో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవాళ్లే. ఇక్కడే చట్టం సంగతి వస్తుంది.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల్లోని మూడో పేరా ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే ఉండేది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను, ముస్లింలను చేర్చలేదు. ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు, వాళ్ల పిల్లలు బీసీ-సీ కిందికి వస్తారు. ఎస్సీలకు 15 శాతం రిజర్వేషన్ ఉంటే, బీసీ-సీకి ఉన్నది 1 శాతం. ఎస్టీలకు ఈ మత నిబంధన లేదు. అంటే క్రైస్తవం తీసుకున్న యానాది, సుగాలి కుటుంబాలకు ఎస్టీ హోదా పోదు.

ఇది ఇంటర్ పూర్తయిన పిల్లల చేతిలో ఎలా కనిపిస్తుందంటే.. ఇంటి పక్కనే ఉన్న మేనమామ కొడుకు, అదే కులం, అదే వాడ, అదే కూలి బతుకు. అతను ఎస్సీ సర్టిఫికెట్‌తో కౌన్సెలింగ్‌కు వెళ్తాడు. బాప్తిస్మం తీసుకుని అందరిముందు సాక్ష్యం చెప్పిన అమ్మాయికి చట్టప్రకారం మిగిలేది బీసీ-సీ. ఆదివారం చర్చికి వెళ్తూనే కాగితంమీద హిందువుగా ఉండే కుటుంబాలు ఈ ప్రాంతంలో ఉన్నాయన్నది బహిరంగ రహస్యమే. కట్టుబాట్లు గట్టిగా ఉన్న సంఘాల్లో పెరిగినవాళ్లకు అది పాపంలా అనిపిస్తుంది. 'చదువు కోసం అబద్ధం ఆడనా? అబద్ధం ఆడకుండా అవకాశం వదులుకోనా?' పదిహేడేళ్ల వయసులో ఎదురయ్యే ప్రశ్న ఇది.

ఈ విషయంలో గుంటూరు పేరు సుప్రీంకోర్టు చరిత్రలోనే ఉంది. ఎస్సీ కులం నుంచి క్రైస్తవంలోకి మారిన దంపతులకు పుట్టిన ఒక విద్యార్థి హిందూ మతంలోకి మారి, గుంటూరు మెడికల్ కాలేజీలో ఎస్సీ కోటా సీటు అడిగాడు. పుట్టుకతో హిందువు కాదని కాలేజీ కాదంది. 1976లో సుప్రీంకోర్టు ఆ విద్యార్థి పక్షాన తీర్పిచ్చింది. హిందువుగా మారాక ఆ కులంవాళ్లు తమవాడిగా ఒప్పుకుంటే ఎస్సీ హోదా వస్తుందని చెప్పింది.

2025లో మరో తీర్పు వచ్చింది. బాపట్ల జిల్లా పిట్టలవానిపాలెం మండలం కొత్తపాలెంలో ఒక పాస్టర్ తనను కులం పేరుతో దూషించి కొట్టారని కేసు పెట్టారు. ఆయన దగ్గర ఎస్సీ సర్టిఫికెట్ ఉంది. కానీ పదేళ్లుగా పాస్టర్‌గా ఉన్నారు కాబట్టి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదని ఏపీ హైకోర్టు ఆ కేసు కొట్టేసింది. క్రైస్తవంలో కుల వ్యవస్థ లేదన్నది తీర్పులోని వాదన.

ఆ చట్టం పుట్టుకలో ఈ నేల పాత్ర కూడా ఉంది. 1985లో అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో దళితుల ఊచకోత దేశాన్ని కదిలించింది. 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. 1991లో గుంటూరు జిల్లా చుండూరులో మరో మారణకాండ జరిగింది. దాడి చేసినవాళ్లు అప్పుడు ఎవరినీ 'నీదే మతం?' అని అడగలేదు. మతం మారితే కులం పోతుందా అనే ప్రశ్న ఇక్కడివాళ్లకు పుస్తకాల్లోది కాదు.

ప్రభుత్వాలు ఏమంటున్నాయి? దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని 2023 మార్చిలో ఏపీ అసెంబ్లీ తీర్మానం చేసింది. అంతకుముందు 2022 అక్టోబర్‌లో కేంద్రం మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన ఒక కమిషన్ వేసింది. హోదా ఇస్తే ఇప్పుడున్న ఎస్సీల వాటా తగ్గుతుందని వ్యతిరేకించేవాళ్లూ ఉన్నారు. ఆ వాదన కూడా ఎక్కువగా ఇవే వాడల నుంచి వస్తోంది.

మరి ఎందుకు ఉండిపోతున్నారు?

కూలి పోతుంది, కోటా పోతుంది, సరదాలు లేవు. అయినా ఉండేది దేనికి?

మొదటిది నమ్మకం. ఇది చెప్పకుండా మిగతావి ఎన్ని చెప్పినా సగమే అవుతుంది. చిన్నప్పటినుంచి నేర్చుకున్న దేవుడు, కష్టంలో చేసిన ప్రార్థన, జవాబు వచ్చిందని అనుకున్న రోజు. అది వాళ్లకు వాదన కాదు, అనుభవం.

రెండోది ఇల్లు. మందు నిషేధం అనేది సంఘం బయటివాళ్లకు ఒక నియమం మాత్రమే. పత్తి తీసి, మిరప కోసి ఇంటికొచ్చే ఆడమనిషికి మాత్రం మొగుడి కూలి డబ్బులు ఇంటికి రావడం. తాగుడు మానేసిన నాన్నను చూసిన పిల్లలు ఆ సంఘాన్ని తేలిగ్గా తీసిపారేయలేరు. నాన్న మారకముందు రోజులు కూడా వాళ్లకు గుర్తుంటాయి.

మూడోది మనుషులు. ఇంట్లో ఎవరైనా చనిపోతే కబురు వెళ్లిన గంటలో సంఘం మొత్తం వాకిట్లో ఉంటుంది. గుంటూరు జీజీహెచ్‌లో మంచంమీద ఉంటే వంతులవారీగా అన్నం క్యారేజీ వస్తుంది. పిల్ల చదువుకు హైదరాబాద్ వెళితే అక్కడి సంఘానికి పెద్దలు ఒక పరిచయ ఉత్తరం రాసిస్తారు. ఆ ఒక్క కాగితంతో ఎవరూ తెలియని ఊళ్లో ఆదివారం మధ్యాహ్నం భోజనం, వందనాలు చెప్పే నలుగురు అక్కలు, అన్నలు దొరుకుతారు. హాస్టల్లో ఒంటరిగా ఉన్న పల్లెటూరి పిల్లలకు అదెంత ధైర్యమో వేరే చెప్పక్కర్లేదు.

నాలుగోది గౌరవం. వారమంతా 'ఏమే, ఒరే' అని పిలిపించుకునే మనిషి ఆదివారం అక్కడ 'సహోదరుడు', 'సహోదరి'. చదువురాని కూలీ కూడా లేచి సాక్ష్యం చెబుతాడు. నగలు లేకపోవడం కూడా ఇక్కడ ఒకలా పనిచేస్తుంది. ఉన్నవాళ్ల మెడ, లేనివాళ్ల మెడ ఆ చాపమీద ఒకేలా కనిపిస్తాయి.

వదిలేస్తే ఏమవుతుంది?

ఉండిపోయేవాళ్లకు ఇవన్నీ దొరుకుతున్నాయంటే, వెళ్లిపోయేవాళ్లు ఒక్కసారిగా ఇవన్నీ పోగొట్టుకుంటారని కూడా అర్థం. కష్టం అక్కడే. నమ్మకం సడలిన కుర్రాడు ఒక్క చర్చిని మాత్రమే వదలడం లేదు. భోజనం, స్నేహితులు, రేపటి పెళ్లి సంబంధం, అమ్మ ముఖంలో సంతోషం.. అన్నీ ఒకే ముడిలో ఉన్నాయి. అందుకే కొందరు నమ్మకం లేకపోయినా మాట్లాడకుండా చాపమీద కూర్చుంటారు.

సంఘం బయటి వ్యక్తిని ప్రేమించిన అమ్మాయి పరిస్థితి ఇంకా కష్టం. ఇక్కడ పెళ్లిళ్లు సాదాగా జరుగుతాయి, కొన్ని సంఘాల్లో తాళి బదులు బైబిళ్లు మార్చుకుంటారు. కానీ ఎవరిని చేసుకోవాలన్న విషయంలో పట్టు ఎక్కువ. కులం లేదని చెప్పే సంఘాల్లో కూడా సంబంధాలు చూసేటప్పుడు కులం అడిగే ఇళ్లు ఉన్నాయి. ఈ విమర్శ లోపలినుంచే వినిపిస్తుంది.

చట్టప్రకారం ఎవరికైనా వెళ్లే హక్కు, ఉండే హక్కు రెండూ ఉన్నాయి. రాజ్యాంగం 25వ ఆర్టికల్ మనస్సాక్షి స్వేచ్ఛ ఇస్తోంది. మేజర్లయిన ఇద్దరు వేర్వేరు మతాలవాళ్లు 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి చేసుకోవచ్చు. చిన్న సంఘాల పిల్లల విషయంలో సుప్రీంకోర్టు 1986లో ఒక ముఖ్యమైన తీర్పిచ్చింది. కేరళలో యెహోవా సాక్షుల కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలు జాతీయ గీతానికి గౌరవంగా నిలబడ్డారు గానీ పాడలేదు. స్కూల్ నుంచి తీసేశారు. తిరిగి చేర్చుకోవాలని కోర్టు ఆదేశించింది. ఆ తీర్పు రాసింది తెలుగువారైన జస్టిస్ ఒ. చిన్నపరెడ్డి. సంఘం ఎంత చిన్నదైనా, దాని నమ్మకం మనకు ఎంత వింతగా అనిపించినా, మనస్ఫూర్తిగా నమ్మినదైతే రక్షణ ఉంటుందని ఆ తీర్పు సారాంశం.

ఇప్పుడు ముందున్నది ఏంటి?

స్మార్ట్‌ఫోన్ వచ్చాక సినిమా వద్దన్న నియమానికి అర్థమే మారిపోయింది. థియేటర్‌కు వెళ్లకుండా ఆపగలరు, రీల్స్ ఆపడం ఎవరి తరం? అదే ఫోన్‌లో ప్రసంగాలు, పాటలు, ఆన్‌లైన్ ప్రార్థనలు కూడా వస్తున్నాయి. హైదరాబాద్, బెంగళూరు ఉద్యోగాల్లో చేరిన యువత కొన్ని నియమాలు పాటిస్తూ, కొన్నిటిని పక్కన పెడుతూ తమ దారి తాము వెతుక్కుంటోంది. పండక్కి ఊరొచ్చినప్పుడు కమ్మలు తీసి హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుని బస్సు దిగే అమ్మాయిలు ఉన్నారు. ఆ కమ్మలు తల్లులకు కనిపించవని కాదు. చూసీ చూడనట్టు ఉంటారు.

పెద్దల ముందు ఇప్పుడొక ప్రశ్న ఉంది. ఏ నియమం మనుషుల్ని నిలబెట్టింది, ఏది అలవాటుగా మిగిలిపోయింది? ఆదివారం పని చేయమన్న పట్టుదల వెనుక ఒక చరిత్ర ఉంది. అనుమానాలు అడిగిన పిల్లల్ని బల్లకు దూరం పెట్టడం వెనుక అంత బలమైన కారణం చెప్పగలరా?

ప్రభుత్వం ముందూ ఒక ప్రశ్న ఉంది. నమ్మింది దాచుకున్నవాళ్లకు ఒక సర్టిఫికెట్, బయటికి చెప్పినవాళ్లకు మరొకటి ఇచ్చే పద్ధతి ఎంతకాలం? 1933లో బొంబాయిలో ఒక కుటుంబం కొడుక్కి పెట్టిన షరతే ఇవాళ ఎమ్మార్వో ఆఫీసు కౌంటర్ దగ్గర ఇంకో రూపంలో కనిపిస్తోంది.

ఈ రెండు ప్రశ్నలకు జవాబు వచ్చేదాకా మిరప కోతల కాలం ఆగదు. వచ్చే ఆదివారం కూడా తెల్లారకముందే ఆటోలు బయలుదేరతాయి. కొన్ని ఇళ్ల ముందు ఆగకుండానే వెళ్లిపోతాయి. ఆ ఇళ్లలోంచి తెల్లబట్టలతో బయటికొచ్చే పిల్లల్లో కొందరు రేపు వెళ్లిపోవచ్చు, ఎక్కువమంది ఉండిపోవచ్చు. ఉండేవాళ్లు ఏమీ తెలియక ఉంటున్నారని మాత్రం అనుకోవడానికి లేదు. ఆ ఒక్కరోజు కూలి ఎంతో, సర్టిఫికెట్ మారితే పోయేదేంటో వాళ్లకు బాగా తెలుసు.